వాటాల లెక్కలో మీ వరుస ఏది?

విజయనగరం జిల్లా నుంచి ఆరు పేజీల ఉత్తరం వచ్చింది. రాసినామె వయసు 29. పేరు, ఊరు వేయవద్దని కోరారు. అవే కాకుండా మరికొన్ని వివరాలు కూడా నేను మార్చాను. ఎందుకో చదువుతుంటే తెలుస్తుంది.

ఈమె తప్పెటగుళ్ళు అనే జానపద ఆటపాట మీద పీహెచ్‌డీ చేస్తున్నారు. సమాజంలో సంగీతం పాత్ర ఏమిటన్నది అంశం, అందులోనూ డబ్బు సంగతులు ముఖ్యం. ఆట ఎవరు ఆడిస్తారు, ఎంతిస్తారు, వచ్చినది ఎలా పంచుకుంటారు అన్నవి. ఎంచుకున్న బృందం సొంత ఊరిదే. గురువు ఈమె పెదనాన్న. ఆడే పద్దెనిమిది మందీ వరసకు చిన్నాన్నలు, బావలు, తమ్ముళ్ళు. రెండేళ్ళు కావస్తోంది, వాళ్ళ వెంట తిరిగి నలభై గంటల పాట రికార్డు చేశారు, రెండు లావుపాటి నోటుపుస్తకాలు నింపారు.

చిక్కు ఆ పుస్తకాల్లోనే ఉంది. ఒక జాతర ఆట ముగిశాక తెల్లవారుజామున బడి అరుగు మీద తువ్వాలు పరిచి డబ్బు పంచుకుంటుంటే ఈమె పక్కన కూర్చుని రాసుకున్నారు. బయానాతో కలిపి 24,000. వ్యాను బాడుగ 4,000 పోగా 20,000. పద్దెనిమిది మందికి తలా ఒక వాటా, గురువుకు రెండు. వాటా వెయ్యి రూపాయలు. ఏడాదిలో ఇలాంటి రాత్రులు ముప్పై దాకా ఉంటాయి. ఇంతవరకు దాపరికం ఏమీ లేదు. ఆ తర్వాత ఇద్దరు కుర్రవాళ్ళు ఈమెను గోడ పక్కకు పిలిచి మరో మాట చెప్పారు. ఒక ప్రభుత్వ వేడుకలో ఆడినందుకు 30,000 వచ్చిందని, గురువు తమ ముందు పెట్టింది 22,000 మాత్రమేనని. ఈ సంగతి గైడుకు చెబితే, "నీ థీసిస్‌కు ఇదే గుండెకాయ, ఉగాదిలోపు అధ్యాయం రాసి తీసుకురా" అన్నారట.

ఇంతలో ఇంకో గొడవ. రికార్డు చేసిన పాటల్లో ఒకదాన్ని స్నేహితుడు అడిగితే ఫోనులో పంపారు. అతను దాని కింద డీజే మోత కలిపి యూట్యూబ్‌లో పెట్టాడు. ఏడు లక్షల మంది చూశారు. బృందం పేరు లేదు, పాడినవాడి పేరు లేదు. పెదనాన్న అది చూసి ఈమెను పిలిచి ఒకే ఒక్క మాట అడిగారు: "మేం ఎలా పంచుకున్నామో రాసుకుంటున్నావు సరే, మా పాట అమ్ముకున్నది ఎవరు?" ఆ రోజు నుంచి ఇంట్లో మాటల్లేవు. రాస్తే ఇల్లు దూరమవుతుంది, రాయకపోతే చదువు పోతుంది, ఏం చేయను, సంక్రాంతికి ఊరు వెళ్ళాలా వద్దా అని అడుగుతున్నారు.

*

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని లెక్కలు వేసుకుంటూ చదివాను.

గైడు మీద మీకు కోపంగా ఉన్నట్టుంది గానీ, ఆయన అడిగినది తప్పు కాదు. జానపద కళల మీద మనవాళ్ళు రాసే వ్యాసాలు చూడండి. వేషం ఎలా ఉంటుందో, గజ్జెలు ఎలా కడతారో, ఏ పురాణ కథ పాడతారో వర్ణిస్తారు. చివర "అంతరించిపోతున్న ఈ కళను కాపాడుకోవాలి" అని ఒక వాక్యం తగిలించి చేతులు దులుపుకుంటారు. ఆ వాక్యం కనబడితే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకు అంతరిస్తోందో తెలియాలంటే తువ్వాలు మీద పడిన డబ్బు లెక్క కావాలి. సంగీతాన్ని మూడు వైపుల నుంచి చూడాలని అమెరికా పండితుడు అలన్ మెరియమ్ 1964లోనే రాశాడు: చెవికి వినబడే నాదం, దాని చుట్టూ మనుషుల నడవడి, దాని గురించి వాళ్ళ మనసులో ఉన్న ఊహ. మీ గైడు ఆ పుస్తకం మీ చేత చదివించే ఉంటారు. బడి అరుగు మీది తువ్వాలు ఆ రెండోదాని కిందికి వస్తుంది.

మన విజయనగరంలో సంగీతం అనగానే అందరి వేలూ సంగీత కళాశాల వైపే వెళుతుంది. 1919లో రాజావారు పెట్టిన కళాశాల అది. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రధానాచార్యులు, ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ ఆచార్యులు. అక్కడ చదువుకోవడానికి వచ్చిన ఘంటసాల ఇంటింటా మధుకరం ఎత్తుకుని కడుపు నింపుకున్నారు. పంతుళ్ళకు సంస్థానం అండ, శిష్యుడికి ఊరివాళ్ళు పెట్టిన అన్నం. ఇదీ సంగీతం ఆర్థిక చరిత్రే, అయితే ఇది చాలాచోట్ల రాసి ఉంది. ఛాతీకి రేకు తప్పెట కట్టుకుని తెల్లవార్లూ ఎగిరి ఆడిన కుర్రవాడి చేతికి ఉదయం ఎంత వచ్చిందో రాసినవాళ్ళు తక్కువ. మీరు రాసుకున్నారు. ఆ పని వృథా పోకూడదు.

అయితే మీ లెక్క ఒకవైపుదే. డబ్బు పంచిన రాత్రులు మీ పుస్తకంలో ఉన్నాయి, డబ్బు లేని నెలలు లేవు. ఉభాలు (వరినాట్లు) అయ్యాక కుర్రవాళ్ళు విశాఖకో హైదరాబాదుకో భవనాల పనికి వెళతారని మీరే రాశారు. ఆట కుదిరినప్పుడు వాళ్ళను వెనక్కి రప్పించడానికి బస్సు చార్జీలు ఎవరు పంపుతారు? తప్పెట రేకు చిరిగితే, గజ్జెలు తెగితే ఎవరు కొంటారు? కొత్తవాడికి అడుగులు నేర్పే నెలల్లో రాత్రిపూట టీ ఎవరింట్లో కాగుతుంది? మీ పెద్దమ్మను ఎప్పుడైనా అడిగారా? నాకు తెలిసిన ఒకటి రెండు బృందాల్లో గురువుగారి రెండో వాటాలో పెద్ద ముక్క ఆ ఇంటి పొయ్యిలోకే పోయేది. అది ఏ పద్దులోనూ ఎక్కేది కాదు.

ఇదంతా మీ పెదనాన్నను వెనకేసుకురావడానికి చెప్పడం లేదు. రెండోవైపు లెక్క కూడా రాశాక ఆయన ఇంకా చెడ్డగా కనిపించవచ్చు. పండగ ముందు రెండు వేలు చేబదులిచ్చి, వాటాలో కోసుకుంటూ, "ఇంకో జట్టులో ఆడాలంటే నా బాకీ తీర్చి వెళ్ళు" అనే గురువులను నేను చూశాను. మీ ఊళ్ళోనూ అదే జరుగుతుంటే మీ చేతికి దొరికేది అప్పుతో కట్టేసిన చాకిరీ. దాని ముందు ఆ ఎనిమిది వేలు చిన్న విషయం. లేదూ, ఎనిమిది వేలు ఆట ఇప్పించిన మధ్యవర్తికి పోయి ఉండవచ్చు. లేదూ, మీ పెదనాన్నే తిని ఉండవచ్చు. ఏది నిజమో మీకు తెలియదు, నాకు తెలియదు, ఆ ఇద్దరికీ తెలియకపోవచ్చు. ముప్పై వేలు అన్న అంకె వాళ్ళకు ఎక్కడిది? చెక్కు చూశారా, ఎవరైనా అంటే విన్నారా? ఆరు పేజీల్లో ఆ ముక్క మాత్రం లేదు.

మీ పట్టికలో ఇంకో వరుస కూడా లేదు. ఆటగాళ్ళ వాటాలు రాశారు, గురువు వాటాలు రాశారు, వ్యాను బాడుగ రాశారు. నెట్ పరీక్షలో, పరిశోధకులకు ప్రభుత్వం నెలనెలా ఇచ్చే భృతి జేఆర్‌ఎఫ్ వచ్చిందని నాలుగో పేజీలో మరేదో చెబుతూ ఒక్క మాట అని వదిలేశారు. జేఆర్‌ఎఫ్ ఇప్పుడు నెలకు 37,000. ముప్పై రాత్రులు ఆడిన కుర్రవాడికి ఏడాదికి 30,000, అంటే మీ ఒక నెలకు తక్కువ. మీ పెదనాన్నకు రెండు వాటాలూ కలిపి 60,000, పోనీ ఆ ఎనిమిది వేలు కూడా కలపండి. మీకు ఏడాదికి 4,44,000. తప్పెటగుళ్ళ మీద మీ ఊళ్ళో అందరికంటే ఎక్కువ సంపాదిస్తున్నది మీరే.

సిగ్గుపడమని కాదు ఈ మాట. పరీక్ష రాసి తెచ్చుకున్న డబ్బు, మీ కష్టానికి ఇచ్చే డబ్బు. కానీ సంగీతం మీద ఎవరెవరు బతుకుతున్నారో చెప్పే అధ్యాయంలో రాసే మనిషి వరుస ఖాళీగా ఉంటే ఆ పట్టిక సగమే. మీ పెదనాన్న వేలు పెట్టింది అక్కడే. ఆయన ఏ విశ్వవిద్యాలయం గడపా తొక్కలేదు గానీ ప్రశ్న మాత్రం సరైన చోట వేశారు. నేనే మీ గైడునైతే ఆ ప్రశ్నతోనే అధ్యాయం మొదలుపెట్టమనేవాణ్ణి.

పాట సంగతికి వస్తాను. మీరు అమ్ముకోలేదు, చేయి జారింది. ఇలా జారడం మీతో మొదలు కాలేదు. 1970 ప్రాంతంలో హ్యూగో జెంప్ అనే పరిశోధకుడు పసిఫిక్ సముద్రంలోని సాలమన్ దీవుల్లో అఫునక్వా అనే ఆమె పాడిన జోలపాట రికార్డు చేశాడు. అది యునెస్కో తరఫున వచ్చిన రికార్డుల్లో చేరింది. 1992లో ఒక ఫ్రెంచి బృందం ఆ గొంతు తీసుకుని కింద డాన్సు మోత కలిపి విడుదల చేసింది. అది లక్షల్లో అమ్ముడుపోయింది, వ్యాపార ప్రకటనల్లో మోగింది. కొన్నేళ్ళకు పేరున్న మరో వాద్యకారుడు దాన్ని ఆఫ్రికా అడవుల పాట అనుకుని తన రికార్డులో వాయించాడు. సాలమన్ దీవులెక్కడ, ఆఫ్రికా ఎక్కడ! ఈ కథనంతా స్టీవెన్ ఫెల్డ్ అనే పండితుడు తవ్వి 2000లో రాశాడు. జెంప్ చెడ్డవాడేమీ కాదు. పాట మనుషుల నోట ఉన్నంతకాలం ఎవరు పాడారో అందరికీ తెలుసు, యంత్రంలోకి ఎక్కాక ఆ తెలివిడి పోతుంది.

చట్టం మీవాళ్ళ వైపు కొంత ఉంది. 1957 కాపీరైటు చట్టానికి 1994లో చేసిన సవరణతో పాడేవారికి, ఆడేవారికి తమ ప్రదర్శన మీద హక్కు వచ్చింది. దాని గడువు ఇప్పుడు యాభై ఏళ్ళు. 2012లో, పాడింది తామేనని పేరు వేయించుకునే హక్కు, వికృతం చేస్తే అడ్డుచెప్పే హక్కు కూడా చేర్చారు. కేవలం పరిశోధన కోసం చేసుకునే రికార్డుకు ఆ చట్టంలోనే మినహాయింపు ఉంది కనుక మీరు తీసుకున్నంతవరకు తప్పులేదు. ఛానల్ ఎక్కినప్పుడు తప్పు మొదలైంది. తాతలనాటి పాటకు సొంతదారు లేకపోవచ్చు, ఆ రాత్రి దాన్ని పాడిన గొంతుకు ఉన్నాడు.

ఇప్పుడు ఆ వీడియోను ఫిర్యాదు పెట్టి తీయించవచ్చు. మీ స్నేహితుడి ఛానల్‌కు ఒక దెబ్బ పడుతుంది, తొంభై రోజుల్లో అలాంటివి మూడు పడితే ఛానలే ఎగిరిపోతుంది. అతను మళ్ళీ మీ మొహం చూడడు, బృందానికి దాని మీద వచ్చే పేరూ డబ్బూ కూడా అక్కడితో సరి. అలా కాకుండా ముందు అతన్ని బృందం ఎదుట కూర్చోబెట్టి, పేర్లు వేయి, ఇంతవరకు వచ్చినది చూపించు, అందులో మా భాగం ఇవ్వు అని అడిగించవచ్చు. ఒప్పుకుంటే మంచిదే, అయితే ఆ డబ్బు కూడా మళ్ళీ తువ్వాలు మీదికే వస్తుంది, మళ్ళీ పంపకమే. ఏడు లక్షల మంది చూశారంటే ఏడు లక్షల రూపాయలు వచ్చాయనుకునేవాళ్ళు ఉంటారు, ఆ భ్రమ ముందే తీర్చండి. కుర్రవాళ్ళు మాత్రం "మనమే ఛానల్ పెడదాం" అంటారు. పెట్టవచ్చు. ప్రకటనల డబ్బు రావాలంటే వెయ్యిమంది చందాదారులు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ కావాలి. అంతదాకా కెమెరా పట్టేదెవరో తేల్చుకోమనండి. వీటిలో ఏది ఎంచుకోవాలో పాడినవాళ్ళు చెప్పాలి. మీ పని ఇవన్నీ వాళ్ళ ముందు విప్పి పెట్టడం వరకే.

మిగిలిన రికార్డులను ఇక ఎవరు అడిగినా పంపకండి. గురుగ్రామ్‌లో ఏఆర్‌సీఈ అని 1982లో మొదలైన సంగీత రికార్డుల భాండాగారం ఉంది. ఎవరు వినవచ్చు, ఎవరు నకలు తీసుకోవచ్చు అని షరతులు పెట్టి అక్కడ దాచవచ్చు. ఒక నకలు ఊళ్ళో కూడా ఉండాలి.

ఈ ఇచ్చిపుచ్చుకోవడాల మాట వచ్చినప్పుడు నాకు గిడుగు రామమూర్తి గుర్తొస్తారు. శ్రీకాకుళం పక్క పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. ఆ పాండిత్యం ఆయనకు పేరు తెచ్చింది. ఆయన సొంత డబ్బుతో సవర పిల్లలకు వాళ్ళ భాషలో బడులు నడిపారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ సొమ్ముతో సవరలకు మంచి బడి పెట్టమన్నారు. మిమ్మల్ని అంత చేయమనడం లేదు. మన రాష్ట్రంలో ఏడుగురు కలిస్తే సంఘం రిజిస్టరు చేసుకోవచ్చు. బృందానికి సంఘం, దాని పేర బ్యాంకు ఖాతా ఉంటే వేడుకల డబ్బు గురువు ఖాతాలో కాకుండా అందులో పడుతుంది, ఎనిమిది వేలు ఎటు పోయాయన్న ప్రశ్న మళ్ళీ రాదు. ఆ కాగితాలు నింపే చదువు మీకుంది. అయితే జాగ్రత్త, మాట తీసే తీరు బట్టి మీ పెదనాన్నకు అది సాయంగానూ కనబడవచ్చు, తన పెత్తనం మీద కుట్రగానూ కనబడవచ్చు. ఆయన నోటితోనే ఆ మాట వచ్చేలా చూసుకోగలిగితే సగం పని అయినట్టే.

అసలు అధ్యాయం మిగిలింది. దానికంటే ముందు ఆ ఇద్దరు కుర్రవాళ్ళు. వాళ్ళు ఆ సంగతి ఎవరికి చెప్పారు? "అక్కా, ఇలా రా" అని పిలిచారంటే అక్కకే చెప్పి ఉంటారు. థీసిస్ రాసే మనిషికి చెబుతున్నామని వాళ్ళకు తోచిందో లేదో.

ముప్పై ఏళ్ళ కిందట నేను ఒక పత్రిక కోసం ఉభాల పాటలు సేకరించాను. ఒకామె పాడిన పాటలో, కూలి గింజలు కొలిచే కుంచం చిన్నదని ఊరి పెద్దరైతు మీద చిన్న చురక ఉంది. పాట నాకు తెగ నచ్చింది. ఆమె పేరు, ఊరు వేసి అచ్చుకిచ్చాను, గౌరవం ఇస్తున్నాననే అనుకున్నాను. మరుసటి ఏడాది వెళితే ఆమె ఊళ్ళో లేదు. ఆ రైతు పొలానికి పిలవడం మానేశాడట, కొడుకు దగ్గరికి వలస వెళ్ళిపోయింది. ఆ సంచిక ఇప్పటికీ నా బీరువాలో ఉంది. తీయబుద్ధి కాదు.

అందుకని ఆ ఇద్దరినీ విడివిడిగా కలిసి, "ఇది నా పుస్తకంలో రాయవచ్చా?" అని సూటిగా అడగండి. వద్దంటే కొట్టేయండి. ఒకరు సరే, ఒకరు వద్దు అన్నా కొట్టేయవలసిందే.

సరేనన్నా సరే, పేర్లు దాచి ఉన్నది ఉన్నట్టు రాయడం నాకు ఇష్టం లేదు. మీరు రాసేది తెలుగులో. డిగ్రీ వచ్చాక అది థీసిస్‌లు అందరికీ తెరిచి ఉంచే శోధగంగ వెబ్‌సైటులో చేరుతుంది, ఫోను ఉన్నవాళ్ళెవరైనా చదువుతారు. "గురువు పరిశోధకురాలికి పెదనాన్న" అన్నాక ఇంక దాచిందేమిటి? చెప్పిన ఇద్దరు ఎవరో తేల్చడానికి మీ రచ్చబండ దగ్గర ఐదు నిమిషాలు చాలు. మీకు పీహెచ్‌డీ వస్తుంది, వాళ్ళకు ఆట పోతుంది.

మరో మూడు నాలుగు బృందాలను చేర్చి, రూపాయలకు బదులు వాటాలుగా రాయడం ఒక పద్ధతి. గురువుకు ఎన్ని వాటాలు, ఖర్చు ఎవరిది, చేబదులు ఎలా తీరుతుంది అన్నవి అన్నిచోట్లా పోల్చి రాస్తే ఎవరి మీదా వేలు పడదు, సంగతి మాత్రం తేటగా కనిపిస్తుంది. థీసిస్‌కు ఇదే బలం అని నా ఉద్దేశం. కాకపోతే ఉగాది దాటిపోతుంది, శ్రీకాకుళం వైపు కూడా తిరగాలి, పైగా పరాయి బృందంవాళ్ళు మిమ్మల్ని తువ్వాలు దగ్గర కూర్చోనివ్వరు. ఆడపిల్ల తప్పెట ముట్టకూడదన్న మాట మీ ఊళ్ళో విన్నారు కదా, అక్కడ ఇంకోలా వింటారు. గడువు అడిగేటప్పుడు గైడు దగ్గర కుటుంబం మాట ఎత్తకండి. ఒక్క బృందంలో, ఒక్క వేడుక మీద, చెవిన పడిన అంకెతో రాస్తే పరీక్షకులు ఆధారం అడుగుతారని అనండి. ఆ భాష ఆయనకు త్వరగా ఎక్కుతుంది.

పుస్తకం తీసుకెళ్ళి పెదనాన్న ముందే తెరవడం ఇంకో దారి. ఎనిమిది వేల మాట వద్దు, అది ఎత్తితే కుర్రవాళ్ళు బయటపడతారు. ఖర్చులు, చేబదుళ్ళు అడగండి. లెక్క చెప్పడం మొదలుపెట్టిన మనిషి ఒక్కోసారి అడగనివి కూడా చెబుతాడు. చెప్పకపోవచ్చు కూడా. కోపం వచ్చి పుస్తకం పొయ్యిలో పడేసినా పడేయవచ్చు, కాబట్టి ముందే నకలు తీసి పెట్టుకోండి. పరిశోధకులకు నేనిచ్చే సలహాల్లో ఇదొక్కటే ఇంతవరకు ఎవరూ కాదనలేదు.

ఏదీ కుదరకపోతే ఆ భాగం వదిలేయవచ్చు. అప్పుడు ఒక వాక్యం మాత్రం రాయాలి: నేను ఈ ఇంటి పిల్లను, నాకు చెప్పినవన్నీ ఇక్కడ రాయలేదు అని. గైడు మొహం ముడుచుకుంటారు. మౌఖిక పరీక్షలో దాని మీద తప్పకుండా అడుగుతారు. జవాబు సిద్ధం చేసుకోండి.

సంక్రాంతికి వెళ్ళండి. కనుమ రాత్రి ఆట ఉందన్నారు కదా. రికార్డరు ఇంట్లో వదిలి వెళ్ళండి. పంపకం దగ్గర ఈసారి కూర్చోవద్దు. పెద్దమ్మ దగ్గర పొయ్యి పక్కన కూర్చుని, పద్దెనిమిది మందికి టీ పెట్టడానికి పాలు ఎన్ని తెప్పిస్తుందో, ఆ పాల డబ్బు ఎవరిస్తారో అడగండి. పుస్తకంలో రాసుకుంటానని ముందే చెప్పి అడగండి.